డబ్లిన్ నుంచి గంటా నలభై నిమిషాలు

“నువ్వు వేలు పెట్టకపోతే ఆ పిల్ల ఈపాటికి గాల్లో ఉండేదమ్మా!”

“నేను వేలు పెట్టింది రాహుకాలంలో. గంటల లెక్క నీది. దాన్ని తెచ్చి నా మీద రుద్దకు.”

“లెక్క మార్చమన్నదెవరు? పది నలభై విమానం శుభ్రంగా ఉందిగా! దాన్ని పన్నెండూ ఐదుకి మార్పించేదాకా నన్ను అన్నం తిననిచ్చావా నువ్వు?”

“మార్చమన్నాను. రెండో విమానం తప్పిపోయేలా మార్చమన్నానా? గంటా నలభై నిమిషాలే, దిగాక బోలెడంత టైముంది అన్నదెవరు? మూడో తరగతి చదివిన నేనా? కంప్యూటర్లలో తారీఖులు దిద్దే నువ్వా?”

నా కొడుకు చేతిలో ఉన్న కాగితం వంకే చూస్తూ నిలబడ్డాడు. దాని మీద వాడి రాతతోనే ఉంది: డబ్లిన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్, ఏడు వందల యాభై కిలోమీటర్లు, గంటా నలభై నిమిషాలు. కింద రెండు గీతలు కూడా గీసుకున్నాడు. గుమ్మంలో పక్కింటావిడ మూత పెట్టిన పళ్ళెం పట్టుకుని, లోపలికి రావాలో వెనక్కి పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. అది రంజాన్ నెల. ఉపవాసం విడిచిన వెంటనే మాకింత పెట్టి వెళ్ళడం ఆవిడకు అలవాటు. ఆ రోజు మా గొడవ మొదలైంది ఆవిడ అన్న ఒక్క మాటతోనే. అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ ఆ మాట అనకపోతే మాకు అసలు తెలిసేదే కాదు.

మేమప్పుడు సింగపూర్‌లో, బెడోక్‌లో, ఎనిమిదో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. కొడుకూ కోడలూ ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. ఆ ఏడాది ఆఖరుకి, రెండు వేల సంవత్సరం రాగానే, కంప్యూటర్లన్నిటిలో తారీఖు తిరగబడుతుందనీ, ముందే సరిచెయ్యకపోతే బ్యాంకులూ కరెంటూ అన్నీ ఆగిపోతాయనీ గోల. మనవాళ్ళను ఎక్కడెక్కడికో పంపిస్తుండేవాళ్ళు. నా కోడలిని ఐర్లండు దేశంలో డబ్లిన్ అనే ఊరికి పంపారు. ఆరు వారాలన్నారు. వెళ్ళేనాటికి దానికి ఐదో నెల నిండబోతోంది. ఆరు వారాల్లో వచ్చేస్తుంది కదా అని నేనే ఒప్పుకున్నాను. పని తెమలలేదు. ఆరు వారాలు కాస్తా పది వారాలైంది, ఎనిమిదో నెల పడింది.

అక్కడి డాక్టరు పరీక్ష చేసి ఒక కాగితం రాసిచ్చింది. ఈ శుక్రవారం దాకా విమానం ఎక్కవచ్చు, ఆ తర్వాత వద్దు అని. ఆ కాగితం చూపిస్తేనే విమానంవాళ్ళు ఎక్కించుకుంటారు. శుక్రవారం దాటిందంటే ఇక పురుడు అక్కడే. తల్లి లేదు, అత్త లేదు, మంచులో, హోటలు గదిలో. మాకు వీసాలు తెచ్చుకుని అక్కడికి పోవాలన్నా అప్పటికి కుదిరే పని కాదు. అందుకని మా ఇంట్లో అందరి ప్రాణాలూ ఆ శుక్రవారం ప్రయాణం మీదే ఉన్నాయి.

డబ్లిన్ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఉంది. కాబట్టి చిన్న విమానంలో డబ్లిన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ రావాలి, అక్కడ పెట్టె దించుకుని, మళ్ళీ వరసలో నిలబడి పెద్ద విమానానికి ఇవ్వాలి. రెండూ వేరు వేరు టిక్కెట్లు. అలా కొంటే చవకని కొడుకు చెబితే, బాగుందిరా అలాగే కొనమన్నాను. ఆ మాటా నాదే. దాచను.

అసలు టిక్కెట్టు ప్రకారం డబ్లిన్‌లో పది నలభైకి విమానం. మంగళవారం సాయంత్రం వాడు ఆ సంగతి చెప్పగానే నేను వంటింటి తలుపుకి వేలాడేసిన క్యాలెండరు చూశాను. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. కడుపుతో ఉన్న పిల్ల, నిండుకుండలాంటి మనిషి, సరిగ్గా రాహుకాలం మొదలైన పది నిమిషాలకి నేల విడుస్తుందా?

“ఇల్లు దాటేదే లెక్క కదమ్మా. ఎనిమిదిన్నరకే హోటల్లోంచి బయటపడుతుంది. విమానం ఎప్పుడెగిరితే మనకెందుకు?” అన్నాడు వాడు.

“హోటలు గుమ్మం కూడా ఒక గుమ్మమేనా? అది దాని ఇల్లా, నీ ఇల్లా? నేల విడిచేది విమానంలోనే. అదే లెక్క” అన్నాను.

బుధవారం కూడా అదే మాట మీద ఉన్నాను. వాడు అన్నం దగ్గర కూర్చుంటే అదే మాట, స్నానానికి పోతుంటే అదే మాట. చివరికి విసిగిపోయి ఆ పిల్లకు ఫోన్ చేశాడు. అది మారు మాట్లాడకుండా పోయి టిక్కెట్టు మార్చుకుంది. పన్నెండు దాటిన ఐదు నిమిషాలకి విమానం. పెద్ద విమానం ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడూ ముప్పై ఐదుకి. కొడుకు లెక్క వేశాడు. పన్నెండూ ఐదుకి గంటా నలభై కలిపితే ఒకటీ ముప్పావు. అక్కడ్నించి మూడూ ముప్పై ఐదుకి దాదాపు రెండు గంటలు. పెట్టె దించుకుని మళ్ళీ ఇవ్వడానికి చాలు. “ఒకటీ ముప్పావుకి దిగుతావు, నెమ్మదిగా నడువు” అని దానికి ఫోన్లో చెప్పాడు కూడా. దాని చేతిలో ఉన్న టిక్కెట్టు మీద బయల్దేరే టైమే తప్ప దిగే టైము లేదు. మొగుడు చెప్పాడు కదా అని అది నమ్మింది.

నేను తృప్తిగా పడుకున్నాను. రాహుకాలాన్ని ఐదు నిమిషాలతో దాటించానని.

శుక్రవారం సాయంత్రం ఏడు దాటాక పక్కింటావిడ పళ్ళెం తెచ్చింది. ఆవిడది హైదరాబాదు పాతబస్తీ. ఆవిడ భర్తా నా కోడలూ ఒకే కంపెనీ. ఆయన కూడా డబ్లిన్‌లోనే ఉన్నాడు, ఇంకో నెల దాకా రాడు. పళ్ళెం అందించబోతూ అడిగింది.

“బయల్దేరిందా అమ్మా, పిల్ల?”

“ఇంకో గంటకి ఎక్కుతుంది. అక్కడ ఒకటీ ముప్పావుకి దిగుతుంది” అన్నాను.

“ఎక్కడ, ఆమ్‌స్టర్‌డామ్‌లనా? ఒకటీ ముప్పావు కాదు గదా అమ్మా, రెండూ ముప్పావైతది. అక్కడ గంట ముందుంటది. మా ఆయన పోయినప్పుడు ఫోన్ల చెప్పిండు, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డబ్లిన్‌ల దిగినంక గడియారం గంట ఎనకకు తిప్పుకున్ననని.”

నా కొడుకు కుర్చీలోంచి లేచాడు.

“కాదాంటీ, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఏడొందల యాభై కిలోమీటర్లు. మన హైదరాబాదు నుంచి బొంబాయి ఎంతో అంత. హైదరాబాదులో ఒక టైము, బొంబాయిలో ఒక టైము ఉంటాయా?”

“అది నాకేం ఎరుక బేటా. ఆయన చెప్పిండు, నేను చెప్తున్న.”

వాడు గదిలోకి పోయి కంప్యూటర్ పెట్టాడు. ఫోన్ లైను కలిసేదాకా అది గుర్రుగుర్రుమంటూ ఉంది. బయటికి వచ్చినప్పుడు లెక్క వేసిన కాగితం వాడి చేతిలో ఉంది.

నిజమే. ఆ రెండు ఊళ్ళకీ మధ్య గంట తేడా. అస్సాం నుంచి గుజరాత్ దాకా ఒకే గడియారం ఉన్న దేశంలో పుట్టినవాళ్ళం. గంటన్నర ప్రయాణంలో గడియారం మారుతుందని వాడికి తోచలేదు, నాకు తోచలేదు. వెళ్ళేటప్పుడు నా కోడలు కూడా ఆ దారినే వెళ్ళింది. కానీ నిద్రమత్తులో దిగి, గోడ మీద గడియారం చూసి చేతి గడియారం తిప్పుకుందట. ఎంత తిప్పిందో పట్టించుకోలేదు.

అప్పుడు మొదలైంది, పైన చెప్పిన గొడవ.

వాడి నోటికి నా జవాబు తాళం వేసింది కానీ, నాకు మాత్రం సుఖం ఏముంది? గోడ గడియారంలో ఏడూ ఇరవై. అంటే డబ్లిన్‌లో పగలు పదకొండూ ఇరవై. వాడు హోటలుకి ఫోన్ చేశాడు. గంట కిందటే గది ఖాళీ చేసి టాక్సీ ఎక్కిందన్నారు. దాని దగ్గర మొబైల్ లేదు. అప్పుడు అందరి దగ్గరా ఉండేవి కావు.

“ఎయిర్‌పోర్టుకి చెయ్యి” అన్నాను.

“ఏ నంబరుకి చెయ్యను? ఎవరు ఎత్తుతారు? ఎత్తినా ఏమని చెప్పను?”

“అరిస్తే పని కాదురా.”

“నువ్వు అరవట్లేదా?”

అప్పుడు పక్కింటావిడ పళ్ళెం బల్ల మీద పెట్టి, “ఫికర్ చెయ్యకుండ్రి. మా ఆయన దగ్గర ఆఫీసోళ్ళిచ్చిన మొబైల్ ఉంది. ఆఫీసు నుంచి ఎయిర్‌పోర్టు దగ్గరే. చెయ్యమంటరా?” అంది. తలూపాను. ఆవిడ మా ఫోన్లోనే నంబరు నొక్కింది. మామూలుగా ఇంట్లోంచి బయటి దేశానికి ఫోన్ చేస్తే ఎంత బిల్లవుతుందోనని నేను గడియారం ముందు నిలబడేదాన్ని. ఆ రోజు గడియారం ముందే నిలబడ్డాను కానీ, వేరే లెక్క కోసం.

ఆవిడ ఉర్దూలో గబగబా చెప్పింది. అవతల ఆయన ఏదో అన్నాడు. ఆవిడ ఫోను చేత్తో మూసి మా వైపు తిరిగింది.

“పోతాడంట. జుమ్మా నమాజుకు బయల్దేరుతున్నడంట, అటే టాక్సీల పోతాడు. పోయి ఏం చెప్పాలె అని అడుగుతుండు.”

ఏం చెప్పాలి? వాడు కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. రెండూ నలభై ఐదుకి దిగుతుంది. మూడూ ముప్పై ఐదుకి పెద్ద విమానం. మధ్యలో యాభై నిమిషాలు.

“పరిగెత్తమని చెప్పమనాంటీ” అన్నాడు.

“ఎనిమిదో నెల మనిషిని పరిగెత్తమంటావా? నోరు ముయ్యి” అన్నాను.

“మరేం చెయ్యమంటావమ్మా? పెట్టె కోసం బయటికి రావాలి. పెట్టె ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక వరసలో నిలబడాలి. విమానానికి గంట ముందే వరస మూసేస్తారు. పెట్టె తీసుకుంటే అయిపోయినట్టే.” ఆగాడు. “పెట్టె జోలికి పోకుండా లోపల్నించి లోపలికే నడిచి వెళ్తే అందుతుంది. లోపలే ఒక కౌంటర్ ఉంటుంది. అక్కడ టిక్కెట్టూ డాక్టరు కాగితమూ చూపిస్తే చాలు.”

“అయితే అదే చెప్పు. పెట్టె వదిలెయ్యమను.”

“వదలదమ్మా.”

“ఎందుకు వదలదు?”

వాడు పక్కింటావిడ ముందు ఆ మాట అనాలా వద్దా అని కాసేపు చూశాడు. అన్నాడు.

“నీకు భయపడి.”

ఆవిడ పళ్ళెం మీది మూత సర్దుకుంటూ కిందికి చూసింది. ఫోన్లోంచి ఆయన హలో హలో అంటున్నాడు.

నేను మంచిదాన్ననిపించుకోవడానికి ఇప్పుడు ఏమీ దాచను. ఆ ముందటి సంవత్సరం అది ఆఫీసు నుంచి వస్తూ ట్రైన్లో టిఫిన్ డబ్బా మరిచిపోయింది. మూడు అరల స్టీలు డబ్బా. దొరికిందేమో అడగమని దాన్ని మూడుసార్లు స్టేషనుకి పంపాను. నాలుగోసారి నేనే పోయాను. ఆ తర్వాత రెండు నెలలు అది ఏ వస్తువు ముట్టుకున్నా ఆ డబ్బా మాట ఎత్తేదాన్ని. డబ్లిన్ వెళ్ళేటప్పుడు పెట్టె నేనే సర్దాను. ఏమేం పెట్టానో దాని చేతే కాగితం మీద రాయించి, మూత లోపల అంటించాను. ప్రెషర్ కుక్కరు, కాఫీ ఫిల్టరు, రెండు స్టీలు గిన్నెలు, అట్లకాడ, మూడు డబ్బాలు. వచ్చేటప్పుడు ఒక్కటి తగ్గినా ఊరుకోనని చెప్పి మరీ పంపాను. అలాంటి దానికి ఎవరో వచ్చి పెట్టె వదిలెయ్ అంటే అది వదులుతుందా? కొడుకు అన్నది నిజం.

“నా మాటగా చెప్పమను. అత్త చెప్పింది, పెట్టె వదిలెయ్ అని” అన్నాను.

“నమ్మదు. నేను కల్పించాననుకుంటుంది. నువ్వు ఆ మాట అంటావని నేనే నమ్మలేకుండా ఉన్నాను.”

గడియారంలో ఏడున్నర.

“అయితే బొంత కూడా వదిలెయ్యమన్నానని చెప్పమను.”

“ఏం బొంత?”

వాడికి తెలియదు. చలి దేశమని, నా పాత నూలు చీరలు నాలుగు పొరలు వేసి దానికి ఒక బొంత కుట్టాను. విదేశానికి ఈ పాత గుడ్డలేమిటమ్మా అని వాడు నవ్వుతాడని, ఇద్దరం వాడికి చెప్పకుండా పెట్టె అడుగున పెట్టాం. అంటించిన కాగితంలో కూడా రాయలేదు. అది ఉన్నట్టు నాకూ కోడలికీ తప్ప ఎవరికీ తెలియదు. అందులో ఒక చీర మా ఆయన పోకముందు కొన్న ఆఖరిది. అది కోడలికీ తెలియదు.

“బొంత అని అంటే దానికి తెలుస్తుంది, నేనే చెప్పానని. ఆ మాట మార్చొద్దు. బొంత అనే చెప్పమను” అన్నాను ఆవిడతో.

“మా ఆయనకు తెలుగు మంచిగొస్తది అమ్మా” అని ఆవిడ ఫోన్లో మొత్తం ఉర్దూలో చెప్పి, చివర్న నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం నొక్కి, “బొంత. బొంత కూడా” అంది.

ఫోన్ పెట్టేశాక చెయ్యడానికి ఏమీ లేదు. వాడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద ఆటస్థలంలో పిల్లలు అరుస్తున్నారు. ఆవిడ ఇంటికి పోతానని లేచి, మళ్ళీ కూర్చుంది. ఆయన మా ఇంటికే ఫోన్ చేస్తాడు కదా. ఊరికే ఉండలేక నాతో మాట కలిపింది.

“ఆయనకు అక్కడ రోజా, అదే ఉపాసం, సులువేనమ్మా. నాలుగింటికే పొద్దుగూకుతదంట, ఇఫ్తార్ అయిపోతది. మనకిక్కడ ఏడు దాకా ఉండాలె.”

“పొద్దున ఎన్నింటికి పొడుస్తుందట?” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

“ఎనిమిదిన్నర దాటుతదంట. అన్ని ఊర్లకు ఒక్కటే టైము ఉండదు గదమ్మా. సూర్యుణ్ణి బట్టి మాకు ఊరికో కాగితమిస్తరు.”

సూర్యుణ్ణి బట్టి. ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఆగింది.

మా నాన్న పంచాంగం చూసేవాడు. నాకు చదువు మాన్పించినా అది మాత్రం నేర్పాడు. పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలి. ఒక్కో వారానికి ఒక్కో భాగం రాహుకాలం. శుక్రవారానికి నాలుగోది. ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గూకే చోట నాలుగో భాగం పదిన్నర నుంచి పన్నెండు. క్యాలెండరులో వేసేది ఆ లెక్కే. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ క్యాలెండరు చూసి ఊరుకున్నాను.

బ్లౌజులు కుట్టే నా టేపు కుట్టుమిషను మీదే ఉంది. తీసుకున్నాను. ఎనిమిదిన్నర నుంచి నాలుగింటి దాకా ఏడున్నర గంటలు. పది నిమిషాలకి ఒక అంగుళం చొప్పున నలభై ఐదు అంగుళాలు. నలభై ఐదు దగ్గర పట్టుకుని టేపును సగానికి మడిచాను. ఇరవై రెండున్నర. మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. ఎనిమిది మడతలు. వేలితో ఒక్కో మడతా లెక్కపెట్టాను. మూడు మడతలు పోయేసరికి పదిహేడు అంగుళాలకి కొంచెం తక్కువ. అంటే పదకొండూ పావు దాటాక నాలుగోది మొదలు. ముగిసేది ఇరవై రెండున్నర దగ్గర. పన్నెండూ పావు.

మళ్ళీ మడిచాను. మళ్ళీ అంతే వచ్చింది.

పది నలభై విమానం రాహుకాలానికి ముందే ఎగిరిపోయేది. చక్కగా ఉండేది. నేను రెండు రోజులు ఇంట్లో అన్నం సహించనివ్వకుండా పట్టుబట్టి మార్పించిన పన్నెండూ ఐదు విమానం సరిగ్గా రాహుకాలంలో ఉంది. అప్పటికి డబ్లిన్‌లో పదకొండూ నలభై ఐదు. ఆ పిల్ల విమానం కోసం కూర్చున్న టైము కూడా రాహుకాలమే.

“ఏం కొలుస్తున్నరమ్మా?” అంది ఆవిడ.

“ఏం లేదు. చెయ్యి ఖాళీగా ఉంటే తోచదు” అని టేపు చుట్టి పెట్టేశాను.

నా కొడుక్కి చెప్పలేదు. చెబితే ఆ క్షణంలో వాడు ఏమనేవాడో నాకు తెలుసు. అది వినే శక్తి నాకు లేదు. రాహుకాలం మీద నమ్మకం పోయిందా అని అడిగితే, పోలేదు. తప్పు చేసింది నేను, రాహువు కాదు. లేచి వెళ్ళి గోడ గడియారం ముందు నిలబడ్డాను.

ఎనిమిదయింది. ఎనిమిదీ ఐదయింది. పళ్ళెంలోది చల్లారిపోయింది. ఎవ్వరం ముట్టలేదు.

ఎనిమిదీ ఇరవైకి ఫోన్ మోగింది. ఆవిడే ఎత్తింది. వింటూ, వింటూ, మధ్యలో ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఆయన వెళ్ళాడు. పదకొండూ యాభైకి చేరాడు. లోపలికి పోనివ్వలేదు. అన్నీ ఒక చీటీ మీద రాసి కౌంటర్లో ఉన్నావిడకు ఇచ్చాడు. వాళ్ళు మైకులో దాని పేరు రెండుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు. చీటీ తీసుకుని ఒక అమ్మాయి లోపలికి పోయింది. అంతే. విమానం వెళ్ళిపోయింది. చీటీ అందిందో లేదో ఆయనకు తెలియదు. ఆయన ఆ రోజు జుమ్మా నమాజుకి అందలేదు. ఆ సంగతి ఆవిడ మాకు చెప్పలేదు. ఎన్నో రోజుల తర్వాత ఆయనే మాటల్లో అన్నాడు.

“అందే ఉంటదమ్మా” అంది ఆవిడ.

“అందకపోతే?” అన్నాడు నా కొడుకు. “అందకపోతే మూడింటికి పెట్టె కోసం నిలబడి ఉంటుంది. నాలుగింటికి తెలుస్తుంది దానికి, విమానం పోయిందని. ఒక్కతే. రేపటికి ఆ కాగితం కూడా చెల్లదు.”

“ఆపరా” అన్నాను.

“ఆపి ఏం చెయ్యను?”

ఆవిడ వెళ్ళాక వాడు విమానం కంపెనీకి ఫోన్ చేశాడు. ఎవరెక్కారో చెప్పకూడదన్నారు. నేను పళ్ళెం కడిగి పెట్టి పడుకున్నాను. నిద్ర సంగతి రాయడానికేం లేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే స్నానం చేసి బియ్యం కడిగి పెట్టాను. ఇద్దరికి వండాలా ముగ్గురికి వండాలా అని వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ముగ్గురికే పోశాను. పెద్ద విమానం దిగేది పదకొండు దాటాక. బస్సెక్కి చాంగీ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. బస్సులో వాడు ఒక సీట్లో, నేను ఒక సీట్లో.

అద్దాల వెనక జనం పెట్టెల దగ్గర మూగుతున్నారు. ఒక్కొక్కరూ బండి తోసుకుంటూ బయటికి వస్తున్నారు. వాడు ప్రతి బండీ చూస్తున్నాడు. నేను బండి లేనివాళ్ళను చూస్తున్నాను. అలాంటివాళ్ళు ఒక్కరూ రావడం లేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. వచ్చేవాళ్ళు పలచబడ్డారు.

అప్పుడు వచ్చింది. చేతిలో ఒక్క హ్యాండ్‌బ్యాగు. అంత ఎండ దేశంలో ఒంటి మీద ఉన్ని కోటు. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. నెమ్మదిగా నడుస్తోంది. నా కొడుకు ముందుకు పోయి చెయ్యి పట్టుకున్నాడు. అది వాణ్ణి చూడలేదు, నన్ను చూసింది.

“అత్తయ్యా, పెట్టె...” అంది.

“కాళ్ళు చూపించు. ఎప్పట్నించి ఇలా వాచాయి?” అన్నాను.

కోటు జేబులోంచి చీటీ తీసింది. బాత్రూంలో ఉండగా మైకులో పిలిచారట, వినపడలేదట. విమానం తలుపు మూసే ముందు ఒక అమ్మాయి సీటు దగ్గరికి వచ్చి ఇచ్చిందట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. “చదివి ముందు నమ్మలేదు. చివర్న బొంత అని చూశాక నమ్మాను” అంది. అది ఏడుస్తుందేమోనని బ్యాగు నేను అందుకున్నాను.

“విమానం ఎన్నింటికి లేచింది అక్కడ?” అని అడిగాను.

“పన్నెండూ ఎనిమిదికి. గడియారం చూస్తూనే ఉన్నాను అత్తయ్యా. మీరు చెప్పినట్టే రాహుకాలం దాటాకే ఎగిరింది.”

“సరే, పద” అన్నాను.

వాడు అలవాటుగా బస్సు స్టాపు వైపు తిరిగాడు. ఆపి, టాక్సీ వరసలో నిలబడమన్నాను. మా ముందు నలుగురు ఉన్నారు. ఐదో టాక్సీ మాకొచ్చింది. ఇంటికి పోయాక అన్నంలో పప్పూ నెయ్యీ కలిపి పెట్టాను. తిని, కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుంది. నేను తలుపు దగ్గరగా వేసి, నిన్నటి పళ్ళెం పక్కింటావిడకు ఇచ్చి రావడానికి వెళ్ళాను.